రాళ్ళ మీద కారు

ఎర్రకండ్రిగ, సత్యవేడు తాలూకా
22 ఆగస్టు 1982

అక్కకు,

చిన్నబ్బ రాసేది. నాయన బాగుండాడు. నేను బాగుండానని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఆ మాట రాయను.

ఊత్తుకోట లారీ షెడ్డులో పని మానేసి ఇంటికొచ్చేసినాను. మేస్త్రీ చెంగయ్య మంచోడే. కాకపోతే రెండేండ్లుగా నా చేత స్పానర్లు కడిగిస్తా ఉండాడు. ఇంజను మీద చెయ్యి పెట్టనీమని అడిగితే, "నీకు ఓపిక తక్కవరా అబ్బా" అన్నాడు. ఆయన మాట నిజం చేసి బస్సెక్కినాను.

ఈడ పొద్దున లేస్తే బావి, పొద్దుగూకితే బావి. నాయన ఎద్దులతో కపిల తోలతాడు, నేను కాలవలో నీళ్ళు మళ్ళిస్తా నిలబడతాను. పైమడిలో పెట్టిన మామిడి అంటు మొక్కలు నా మోకాటి దాకా వచ్చినాయి. నాయన వాటితో మాట్లాడేదాంట్లో సగం కూడా నాతో మాట్లాడడు. వంట ఇద్దరం వంతులేసుకున్నాం. ఆయన వంతు దినం సంగటి మాడతాది, నా వంతు దినం సంగటి అవుతాదో లేదో చెప్పలేం. సాయంత్రం రోడ్డు మీదికి పోయి తిరుపతి బస్సు కోసం కూర్చుంటాను. మొదట్లో కండక్టరు ఎక్కమని చెయ్యి ఊపేవాడు. ఇప్పుడు నన్ను చూసి అదీ మానేసినాడు. నేను ఎక్కేవాడిని కాదని అతనికి గూడా తెలిసిపోయింది.

అసలు సంగతి తాత కారు. నువ్వు దాంట్లో తిరిగినావు. నాకు బుద్ధి తెలిసేనాటికి అది బావి గట్టు మీద, రాళ్ళ మీద ఉండాది. కరువు సంవత్సరం తాత దాన్ని ఎత్తిపెట్టి, చక్రానికి బెల్టు తగిలించి బావిలో నీళ్ళు తోడినాడని చెప్తారు కదా. ఆ ఏడు ఆ బావీ ఎండింది, తాతా పోయినాడు, కారు మాత్రం ఎత్తింది ఎత్తినట్టే నిలబడిపోయింది. మొన్న దాని మీది ఆనప తీగ పీకేసి తలుపు తెరిచినాను. వెనక సీటులో మన ఎర్రకోడి గుడ్ల మీద కూర్చోనుండాది. నన్ను చూసి లేవలేదు. రేడియేటరులో కందిరీగలు. ముందు చక్రం కాడ చెదల పుట్ట. అయినా ఇంజనులో కిరసనాయిలు పోసి నాలుగు దినాలు నానబెట్టి హ్యాండిలు తిప్పితే, కదిలింది అక్కా. ముసలోడు మూలిగినట్టు ఒక మూలుగు మూలిగింది.

నాయన చూసి, దాని జోలికి పోవద్దన్నాడు. నేను నీ పేరు చెప్పినాను. నీ పెండ్లినాడు మీ అత్త, "కారుండే ఇంటి పిల్లని ఎద్దుల బండిలో దించినారే" అన్నప్పుడు నాయన ఏమన్నాడో అందరూ విన్నారు కదా. బిడ్డను పిలుచుకొని పోయేదానికి వస్తే కారులోనే వస్తా, అందాకా మీ గడప తొక్కనన్నాడు. నాలుగేండ్లయింది. పుట్టింటోళ్ళు వచ్చి పిలవందే ఆడబిడ్డ రాకూడదు. పిలవాలంటే కారు కావాల. నువ్వు ఆడ, మేము ఈడ, నడాన ఈ కారు. ఇదంతా చెప్పేతలికి నాయన గమ్మునుండిపోయినాడు. వద్దనలేదు గదా, సరేనన్నట్టే.

దీన్ని బాగు చేసి మొదట నాయుడుపేటకు వస్తాను. మీ అత్త చెవి కాడ హారను కొడతాను. నిన్ను తెచ్చి ఈడ దించినంక కారు తిరుపతికి తోలుకొని పోతాను. టాక్సీ స్టాండులో పెడితే నన్ను అడిగేవాడు ఉండడు. ఈడుంటే నేను గూడా రాళ్ళ మీద లేసి కూర్చుంటానక్కా.

బావకు నమస్కారం చెప్పు. మీ అత్తకు ఏమీ చెప్పొద్దు.

నీ తమ్ముడు
చిన్నబ్బ


నాయుడుపేట
9 సెప్టెంబరు 1982

చిన్నబ్బా,

నీ ఉత్తరం మీ బావ మిల్లు నుంచి తెచ్చి, నవ్వుకుంటా ఇచ్చినాడు. పైన అడ్రసు ఎంత కోపంగా రాసినావంటే, పోస్ట్‌మాన్ భయపడి పొద్దున్నే ఇచ్చిపోయినాడంట.

పని మానేసినందుకు నేను తిట్టను. తిట్టి ఏం లాభం, నువ్వు తొమ్మిదో తరగతి మానేసినప్పుడు తిట్టిందే ఇంకా నీ చెవుల్లో ఉంటుంది.

ఇక్కడ మా అత్త జారిపడి నడుము విరిగింది మొదలు మంచం దిగలేదు. రెండో సంవత్సరం నడుస్తోంది. ఆమెకు స్నానం, ఆమెకు తిండి, ఆమెకు మందు, మళ్ళీ మొదటి నుంచి. నేను వీధిలోకి రెండు అడుగులు వేస్తే చాలు, "నా కాడ ఎవురుంటారమ్మా" అని పిలుపు వస్తుంది. చెడ్డ మనిషి కాదు. భయం. నాకు ఉండే కిటికీ ఒకటే, దాంట్లో నుంచి మద్రాసు రోడ్డు కనిపిస్తుంది. లారీలు పోతూ ఉంటాయి. ఎప్పుడన్నా నేను కిటికీ దగ్గర నిలబడితే, "మీ నాయన కారు ఇంకా బయలుదేరలేదా? దారిలో పంచరైందేమో సూడు" అంటుంది. మొదట్లో ఏడుపు వచ్చేది. ఇప్పుడు నేను గూడా నవ్వుతాను.

ఆ కారు గురించి నువ్వు రాస్తే నాకు దాని సీటు వాసన గుర్తుకొచ్చింది. తోలు వాసన, తాత చుట్ట వాసన. గంగమ్మ జాతరకు తిరుపతి పోయినాం దాంట్లో. అమ్మ దారి పొడుగునా తలుపు గట్టిగా పట్టుకొని కూర్చుంది, ఊడిపోతుందని. ఆ తర్వాతే కరువు. తాత దాన్ని బావి దగ్గర రాళ్ళ మీదికి ఎత్తించినప్పుడు నాకు ఎనిమిదేండ్లు. ఇంజను కొడతా ఉంటే, చక్రం తిరగతా ఉంటే, కారు ఎక్కడికో పోతోందనే అనుకున్నాను. వెనక సీటులో కూర్చొని, "తిరుపతి ఎప్పుడొస్తుంది తాతా" అని అడిగేదాన్ని. ఆయన నవ్వకుండా, "ఇంకొంచెం దూరం" అనేవాడు.

ఒక్క మాట చెప్తాను, ఇది నాయనకు చదివి వినిపించు. నాకు కారు వద్దు. ఆ మాట అన్నవాళ్ళూ మరచిపోయినారు, విన్నవాళ్ళూ మరచిపోయినారు. నాయన బస్సులో వచ్చి, గడప తొక్కకపోయినా సరే, బయట నిలబడి రామ్మా అని పిలిస్తే చాలు. ఆయనకు మనసొప్పకపోతే నువ్వు రా. వారం దినాలు మీ ఇద్దరికీ మాడని సంగటి పెట్టి వస్తాను.

ఎర్రకోడిని సీటులోంచి తోలొద్దు. పిల్లలు లేచేదాకా ఆగు.

మీ అక్క
పంకజాక్షి


ఎర్రకండ్రిగ
27 జనవరి 1983

అక్కకు,

ఇన్ని నెలలు రాయలేదని కోపం చేసుకోవద్దు. చేతికి గ్రీసు ఉంటే కలం జారిపోతాది.

కోడి పిల్లలు లేచి, పెరిగి, రెండింటిని తిన్నాం గూడా.

నీ ఉత్తరం నాయనకు చదివినాను. తాత సంగతి, సీటు వాసన సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు. బస్సు ముక్క మాత్రం మింగేసినాను. కారులో అయితేనే వస్తానన్నట్టు చదివినాను. ఉలిక్కిపడొద్దు. బస్సు చాలనింటే నాయన ఆ దినమే కారు మీద మళ్ళా తాటాకులు కప్పేసేవాడు, నేను బావి కాడ మడవలు కడతా ముసలోడినై పోయేవాడిని. నీకేం పోయింది, బస్సులో రావాల్సిందానివి కారులో వస్తావు. నాయన విని, "అట్లనా" అన్నాడు. అంతే. మరుసటి దినం తాతనాటి పాత జాకీ అటక మీది నుంచి ఆయనే దించి ఇచ్చినాడు.

ఇంక పని సంగతి. టైర్లు నాలుగూ చెంగయ్య ఇచ్చినాడు, తిట్టి ఇచ్చినాడు. మిగతా సామాన్లకు మద్రాసు పోయి పుదుప్పేటలో తిరిగినాను. ఆ వీధి చూడాల నువ్వు. చచ్చిన కార్లన్నీ ఆడ కుప్పలు పోసుంటాయి. అన్నీ దొరికినాయి గానీ రోటరు దొరకలేదు. అది బొటనవేలంత నల్ల ముక్క. ఇంజను పక్కన డబ్బీ మాదిరి ఒకటి ఉంటాది, దాంట్లో తిరగతా నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా నిప్పు పంచతాది. అది లేకపోతే ఇంజను ఒట్టి ఇనుము. మన కారంత పాతదానికి ఇప్పుడు ఎవురూ చెయ్యరంట. ఆఖరికి ఒక ముసలి సాయిబు గోనెసంచి కుమ్మరించి, అరపూట వెతికి ఒక్కటి తీసిచ్చినాడు. దానికి బదులు నా సైకిలు ఆడనే ఉండిపోయింది.

మొన్న ఆదివారం స్టార్టయిందక్కా. హ్యాండిలు ఎన్నిసార్లు తిప్పినానో, చేతులు బొబ్బలెక్కినాయి. ఒక్కసారిగా నల్లపొగ కక్కి అందుకునింది. పక్కచేను కుప్పయ్య పంచె ఎగ్గట్టి పరిగెత్తినాడు, ఏదో పేలిందని. నాయన వచ్చి బానెట్టు మీద చెయ్యి పెట్టి నిలబడినాడు. ఎద్దు మెడ మీద పెడతాడే, అట్ల.

ఎద్దులంటే గుర్తొచ్చింది, వాటిని సంతకు తోలేసినాం. కార్తీకంలో రావాల్సిన వాన రాలేదు. మేత లేదు. బావిలో నీళ్ళు కపిలకు అందేంత పైన లేవు గూడా. నాయనా నేనూ కావడితో మోసి అంటు చెట్లకు పోస్తా ఉండాం. భుజం తోలు లేచిపోయింది. ఇదంతా ఇంక కొన్ని దినాలే నాకు.

అయ్యవారు మంచి రోజు చెప్పినాడు. ఫిబ్రవరి 17, గురువారం. తెల్లవారి బయలుదేరి తడ మీదుగా మధ్యాన్నానికి మీ వాకిట్లో ఉంటాం. నాయన కొత్త పంచె తీసి పెట్టుకున్నాడు. మీ అత్తకు చెప్పెయ్యి, పంచరు వేసేసినామని.

చిన్నబ్బ


నాయుడుపేట
19 ఫిబ్రవరి 1983

చిన్నబ్బా,

ఏమైంది?

దారిలో ఏమన్నా అయిందేమోనని రెండు దినాలు ఆగి రాస్తున్నాను. మీ బావ తడ దాకా పోయే లారీవాళ్ళను కనుక్కున్నాడు. ఎక్కడా ఏ కారూ పడిపోలేదన్నారు. అయితే మీరు బయలుదేరనే లేదు.

గురువారం నేను తెల్లారకముందే తల స్నానం చేసినాను. పెండ్లి చీర కట్టుకున్నాను. పక్కింటి దేవకమ్మను మా అత్త దగ్గర ఉండేదానికి ఒప్పించినాను. మా అత్త ఏం చేసిందో తెలుసునా? తల దువ్వించుకుంది. మంచాన్ని ముందు గదిలోకి జరిపించుకుంది, వాకిలి కనపడేటట్టు. కారు చూడాలంట. "మీ నాయన దిగినాక నేను పలకరించాల గదా, ఒకటే మాట పట్టుకొని ఎన్నాళ్ళుంటాం" అనింది.

హారను వినపడినప్పుడల్లా దేవకమ్మ లేచి చూసేది. రోడ్డు పక్క ఇల్లు, హారన్లకేం తక్కువ. మధ్యాన్నం అయింది. వండిన పాయసం గట్టి పడింది. దీపాలు పెట్టే వేళకు దేవకమ్మ, "ఇంక పోయొస్తా అమ్మాయీ" అని లేచింది.

మా అత్త ఏమన్నా అంటుందని చూసినాను. పంచరని అన్నా బాగుండేది. గోడ పక్కకు తిరిగి పడుకుంది. ఆ మంచం మళ్ళీ వెనక గదిలోకి జరిపేటప్పుడు చక్కగా ఒత్తిగిలి నాకు బరువు కాకుండా చూసుకుంది. చిన్నబ్బా, నాలుగేండ్లలో ఆమె అన్న మాటలన్నీ కలిపినా ఇంత కష్టంగా లేదు.

నేను కారు లేకుంటే రానన్నానని నాయనతో చెప్పినావు కదా. అందుకేనా రాలేదు? కారు చెడిపోయిందా, లేకపోతే నా మీద కోపం వచ్చిందా? ఒక్క కార్డు ముక్క రాయి.

పంకజాక్షి


తిరుపతి
2 మార్చి 1983

అక్కకు,

నేను ఎర్రకండ్రిగలో లేను. నీ ఉత్తరం ఆడికి పోయి, కుప్పయ్య చేతి మీదుగా ఈడికి వచ్చింది. తిరుపతిలో బస్టాండు వెనక ఒక షెడ్డులో పనికి చేరినాను.

కారు చెడిపోలేదు. చెడిపోయుంటే బాగుండు.

పదహారో తేదీ పొద్దున కారు కడిగినాను, పసుపు కుంకుమ పెట్టినాను, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాను. ఇంటి లోపలికి పోయి వచ్చేతలికి నాయనా కుప్పయ్యా రాళ్ళు మోసుకొస్తా ఉండారు. వెనక చక్రం ఒకటి పైకెత్తి టైరు పీకినారు. రెండో పక్క చక్రానికి కదలకుండా బండలు అడ్డం పెట్టినారు. తాతనాటి బెల్టు, తాతనాటి పంపు, అన్నీ ఎప్పుడు బయటికి తీసి పెట్టుకున్నాడో తెలీదు. కావడితో మోసేది ఇంక అయ్యే పని కాదంట. అంటు చెట్ల ఆకులు చుట్టుకొని పోతా ఉండాయంట.

ఒక్క దినం ఆగమన్నాను. పోయి అక్కను దించి, నేనే నా చేతులతో ఎత్తిపెడతానన్నాను. నాయన నా మొగం చూడకుండా బెల్టు సవరిస్తా చెప్పినాడు.

"ఆ బిడ్డ నాలుగేండ్లు ఆగింది. ఈ చెట్లు నాలుగు దినాలు ఆగవురా."

 

నీళ్ళు వచ్చినాయి. వస్తే ఊరంతా వచ్చి చూసినారు. నేను తోలే సీటులో కూర్చొని యాక్సిలరేటరు మీద కాలు పెట్టుకొని ఉండాల. తగ్గిస్తే బెల్టు జారతాది, పెంచితే ఇంజను మరుగుతాది. ఇంజను నడిపేది ఊర్లో నాకొక్కడికే తెలుసు. పొద్దునంతా ముందర అద్దంలో బావి గట్టు, దాని పక్కన ఒక తాటిచెట్టు. వారం పైన తోలినానక్కా ఆ కారును. తాటిచెట్టు ఒక్క అడుగు గూడా దగ్గరికి రాలేదు.

వాన వచ్చేదాకా ఇంతేనా అని నాయనను అడిగితే, "వాన వచ్చేదాకానే గదా" అన్నాడు. అప్పుడు తెలిసింది నాకు. తాత కారును ఎత్తిపెట్టినట్టు నాయన నన్ను ఎత్తిపెట్టినాడు. అదీ నేనే బాగు చేసి, నేనే టైర్లు తెచ్చి, నేనే నిమ్మకాయలు పెట్టి.

మధ్యాన్నం నాయన కూటికి పోయినప్పుడు ఇంజను ఆపినాను. మూత తీసి ఆ నల్ల ముక్కను జేబులో వేసుకున్నాను. రోడ్డు మీదికి పోయి తిరుపతి బస్సు ఎక్కినాను. కండక్టరు నన్ను చూసి నోరు తెరిచినాడు.

ఈ ఉత్తరం రాసేటప్పుడు గూడా అది నా జేబులోనే ఉండాది. నాయన హ్యాండిలు తిప్పతా ఉంటాడు. తిప్పనీ.

చిన్నబ్బ


నాయుడుపేట
7 మార్చి 1983

చిన్నబ్బా,

నీ క్షేమం అడిగే ఓపిక నాకు లేదు.

అరవై దగ్గర పడే మనిషి ఆ హ్యాండిలు తిప్పుతా ఉంటే నీకు ఎట్లా నిద్ర పడుతోంది? తిప్పి తిప్పి ఆయన ఏమనుకుంటాడు? తండ్రి చేతిలో నడిచింది తన చేతిలో నడవడం లేదనుకుంటాడు. నీ మీద అనుమానం గూడా పడడు, ఆయనకు ఆ ముక్క ఒకటుందని తెలిస్తే గదా.

నేను వాకిట్లో కూర్చున్న దినం కంటే ఇదే నాకు ఎక్కువ బాధ. నన్ను మరచిపోయి నీళ్ళు తోడినాడంటే నేను అర్థం చేసుకుంటాను. నేను గూడా రైతు బిడ్డనే.

ఇంటికి పోయి అది పెట్టి రా. పెట్టినంక నీ ఇష్టం, కాశీకి పో.

పంకజాక్షి


తిరుపతి
12 మార్చి 1983

అక్కకు,

ఇంటికి పోలేను. పోతే ఆ సీటులోనే కూర్చోవాల్సి వస్తాది. కూర్చుంటే ఈసారి లేవలేను.

దీంతో పాటు గుడ్డలో కుట్టిన అగ్గిపెట్టె ఒకటి పంపిస్తా ఉండాను. ముక్క దాంట్లో ఉండాది. బావను పంపు. ఇంజను పక్కన, అయిదు వైర్లు వచ్చే నల్ల మూత ఉంటాది. రెండు పక్కలా క్లిప్పులు. అవి తీస్తే మూత లేస్తాది. లోపల నిలబడిన కడ్డీకి ఒక గాడి ఉంటాది. ముక్కకు గూడా ఉంటాది. రెండూ కలిస్తే గానీ కూర్చోదు, కాబట్టి తప్పు పెట్టలేరు. పెట్రోలుతో స్టార్టు చేసి, వేడెక్కినంక కిరసనాయిలుకు తిప్పమని కుప్పయ్యకు చెప్తే చాలు, అతను చూసినాడు.

నాయనకు నా పేరు చెప్పొద్దు. ఎలక ఎత్తుకపోయిందని, దొరికిందని చెప్పమను.

చిన్నబ్బ


ఎర్రకండ్రిగ
24 మార్చి 1983

చిన్నబ్బా,

పైన ఊరి పేరు చూసి నీ కండ్లు నలుపుకోవద్దు. నేను మన ఇంట్లో, అమ్మ ఉన్నప్పుడు కూర్చునే గుంజకు ఆనుకొని రాస్తున్నాను.

మీ బావకు మిల్లులో వడ్ల బండ్లు క్యూ కట్టి ఉన్నాయి, కదలలేనన్నాడు. రెండు దినాలు ఆ అగ్గిపెట్టెను దేవుడి గూట్లో పెట్టి చూసినాను. మూడోనాడు మా అత్త దగ్గరికి పోయి, నేను పోయొస్తానన్నాను.

"ఎవురు పిలిచినారని పోతావమ్మా?" అనింది.

అగ్గిపెట్టె ఇచ్చినాను. నువ్వు చేసిందంతా చెప్పినాను. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకొని ఊపింది. లోపల టకటకమని చప్పుడైంది.

"ఇది పిలస్తా ఉండాది. పో" అనింది. దేవకమ్మను తనే కేకేసి పిలిపించుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకోమని గూడా చెప్పింది. నన్ను ఎవరన్నా ఆపుతారని దారి పొడుగునా అనుకున్నాను. తడలో బస్సు మారినాను. ఎవరూ ఆపలేదు. పిలవకుండా పుట్టింటికి పోయే మనిషికి మొగం మీద ఏమన్నా రాసి ఉంటుందనుకునేదాన్ని నేను.

నాయన పైమడిలో కావడి మోస్తా ఉన్నాడు. నువ్వు పోయినప్పటి నుంచీ అంతేనంట. వంగి ఒక్కో చెట్టు మొదట్లో కుండ వంచి, లేచేదానికి కావడి బద్దను ఊతం చేసుకుంటున్నాడు. నన్ను చూసి కావడి దించినాడు. దగ్గరికి రాలేదు. రామ్మా అనలేదు. ఆయన అనకుండా నేను ఇంట్లోకి పోలేదు. ఇద్దరం ఎండలో అట్లా నిలబడి ఉన్నాం, ఎవరో వచ్చి చెప్తే గానీ కదలని పిల్లల మాదిరి.

అందుకే నేను నేరుగా కారు దగ్గరికి పోయినాను. నువ్వు రాసినట్టే క్లిప్పులు తీసి ముక్క పెట్టినాను. కుప్పయ్య హ్యాండిలు తిప్పినాడు. రెండోసారికే అందుకుంది. కాలవలో నీళ్ళు వస్తే నాయన చెంబుతో ముంచుకొని మొగం కడుక్కున్నాడు. ఎలక సంగతి చెప్పినాను. తల ఊపినాడు.

ఆ తర్వాత నా పక్క చూడకుండా అన్నాడు, "పోయినేడు, ఆ దసరా అప్పుడు, బస్సులో వచ్చి పిలుస్తాం, ఏమనుకోవద్దని రాయమన్నా వాడిని. నువ్వు కారు లేనిదే రానన్నావని వాడే నీ కాయితం మళ్ళా సదివి చెప్పె. సరేలే, బిడ్డ ఆశపడింది, నేను ఆడిన మాటేగదా అనుకున్నా."

నువ్వు ఆ సంగతి నాకు రాయలేదు చిన్నబ్బా. నా బస్సును ఆయనకు చేరనివ్వలేదు, ఆయన బస్సును నాకు చేరనివ్వలేదు.

నేను అనలేదని చెప్పేదానికి నోటి దాకా వచ్చింది. ఆయన మొగం చూసి ఆగిపోయినాను. నాకు కారు ఆశ లేదని చెప్తే, ఆయన ఇన్నాళ్ళు మోసిందంతా దేనికి?

నాయన భుజం మీది తుండు తీసి వెనక సీటు దులిపినాడు. కోడి ఈకలు లేచినాయి.

"కూసో" అన్నాడు.

కూర్చున్నాను. తలుపు వేసినాడు. ఇంజను కొడతా ఉంది, చక్రం తిరుగుతా ఉంది, నువ్వు రాసిన తాటిచెట్టు ఉన్నచోటే ఉంది. నాయన కాసేపు బయట నిలబడినాడు. దూరం పోయేదానికి ఎంత సేపు పడుతుందో అంతసేపు నిలబడినట్టు అనిపించింది నాకు. ఆ తర్వాత తలుపు తీసినాడు.

"దిగమ్మా. ఇల్లొచ్చింది" అన్నాడు.

దిగినాను. నా సంచి ఆయనే తీసుకొని ముందు నడిచినాడు. తోలే సీటు ఖాళీగా ఉంది. యాక్సిలరేటరు మీద నువ్వు లేకపోయేతలికి కుప్పయ్య ఒక ఇటుక పెట్టినాడు. నాయన ఆ పక్క చూడలేదు.

మధ్యాన్నం మాడని సంగటి పెట్టినాను. రెండు ముద్దలు తిన్నంక, మూడోది చేతిలో పట్టుకొని అడిగినాడు.

"ఆ ఎలక్కి తిరపతిలో కూడు దొరకతా ఉండాదంటనా?"

నాకు ఏం చెప్పాలో తెలియక నిన్నే అడుగుతున్నాను. ఇంకో పది దినాలు ఉంటాను. మా అత్త అంతవరకే గడువు ఇచ్చింది. నీ ఉత్తరం వస్తే నేనే చదివి వినిపిస్తాను.

మీ అక్క
పంకజాక్షి


తిరుపతి
30 మార్చి 1983

అక్కకు,

నీ ఉత్తరం జీపు కింద పడుకొని చదివినాను. షెడ్డులో నాకు దొరికే నీడ అదే. దినమంతా కొండకు పోయే బండ్లు వస్తాయి. వాటి అడుగులు చూస్తాను, అవి పోతాయి, ఇంకోటి వస్తాది. నా చేతికి ఇంకా స్టీరింగు ఇయ్యలేదు. ఈ మేస్త్రీ గూడా ఓపిక తక్కవంటాడు.

ఇటుక పెట్టొద్దు. ఇటుకకు బెల్టు జారేది వినపడదు. నాయననే సీటులో కూర్చోబెట్టు. కాలు మెల్లగా పెట్టమను, ఎద్దు తోక పట్టుకున్నంత మెల్లగా. చప్పుడు సన్నగా అయితే కొంచెం నొక్కాల, పొగ నల్లగా వస్తే తియ్యాల. ఆయనకు వస్తాది. రేడియేటరు పొద్దున ఒకసారి, మధ్యాన్నం ఒకసారి నింపాల. నువ్వు పోయేలోగా నేర్పించు.

ఎలక్కి కూడు దొరకతా ఉండాదని చెప్పు. మాడిన సంగటంత రుచిగా లేదని గూడా చెప్పు.

బస్సుల సంగతికి నేను ఏం రాసినా అది సాకు చెప్పినట్టే ఉంటాది. ఇంకోటి మాత్రం రాస్తాను. ఎప్పుడో ఒకప్పుడు వాన వస్తాది. బావి నిండతాది. అప్పుడు నాయనా కుప్పయ్యా జాకీ పెట్టి, రాళ్ళు తీసి, కారును కిందికి దించుతారు. ఆ దినం నేను లేకుండా దించొద్దని నాయనకు చెప్పు. కార్డు ముక్క రాయిస్తే చాలు, బస్సులో వస్తాను.

దీన్ని నాయనకు రాసింది రాసినట్టే చదువు. ఏ ముక్కా మింగొద్దు.

చిన్నబ్బ